రెండు గట్ల ముత్తెపు పిట్ట

పొద్దు పొడిచేసరికి ఉరుముల ఏరు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తళతళా మెరిసింది. రెండు నల్లని రాతిగోడల నడుమ, తొంగిచూస్తే కళ్ళు తిరిగేంత లోతున, నురగలు కక్కుకుంటూ, వెయ్యి మద్దెలలు ఒక్కసారి మోగినట్టు హోరెత్తుతూ పారేది ఆ ఏరు. దాని నట్టనడుమ ఒంటిస్తంభంలా ఒక రాతికొమ్ము. తూర్పుగట్టు నుంచి దాని మీదికొక తీగవంతెన, పడమటిగట్టు నుంచి ఇంకొకటి. కొమ్ము నెత్తిన శిలాభైరవుడి గుహ. ఆ గుహ ముందు మా కువలయమ్మ, నడుము దాకా రాయైపోయి నిలబడి ఉంది.

ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా సరే, అలాంటి రోజు మళ్ళీ ఒక్కటి వస్తే బాగుండునని కూడా అనిపిస్తుంది. అప్పుడు నా మోకాళ్ళు నా మాట వినేవి. ఇప్పుడు మంచం దిగాలన్నా వాటిని బతిమాలుకోవాలి.

నేను ఎల్లమందను. తామ్రకోట రాజుగారి గుర్రాలకు పెద్ద కాపరిని. యువరాజు చిత్రభానుణ్ణీ, ఆయన చెల్లెలు కువలయమ్మనూ మొదటిసారి గుర్రం ఎక్కించింది ఈ చేతులే. ఆ పిల్ల రాయైపోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల అవుతుందా?

ఈ శిలాభైరవుడి సంగతి చెబుతాను. చావు లేకుండా ఉండాలని ఏదో మంత్రం వేసుకోబోయాడు వాడు. అది కాస్తా తిరగబడి, తానే రాయై, యుగాలకు యుగాలు అలాగే పడి ఉన్నాడు. ఆ రోజుల్లోనే లేచాడు. లేచి చూసుకుంటే అమ్మ లేదు, ఇల్లు లేదు, ఊరు లేదు. ఇంటి ముందు పారిన పిల్లవాగు ఇంత పెద్ద ఏరై కొండను నిలువునా కోసేసింది. పోనీ చిన్నప్పుడు తన అరచేతిలో గింజలు తిన్న ముత్తెపు పిట్టయినా ఉందా అంటే, అదీ లేదు. దాంతో వాడికి పిచ్చెత్తింది. ఆ పిట్ట రొమ్ము నిండా తెల్లని ముత్యాల్లాంటి చుక్కలుండేవట. వేటకు వచ్చిన కువలయమ్మను పట్టుకుని, “నా పిట్టల జంటను తెచ్చి ఈమెను తీసుకుపొండి. గడువు దాటిందా, నిలువెల్లా రాయే” అన్నాడు. ఆ గడువు ఆనాటి పొద్దు గుంకేదాకానే.

మేము ఊరికే కూర్చోలేదు. తూర్పుగట్టున తీగసీమ. అక్కడ మబ్బు ఎప్పుడూ కొండల మీదే పడుకుంటుంది. చెట్టు చెట్టుకీ తీగలు, తీగ తీగకీ గొట్టాల్లాంటి పొడుగాటి పూలు, వాటి అడుగున తేనె. అక్కడి ముత్తెపు పిట్టది కుంకుమ రంగు, కొడవలిలా వంగిన సన్నని ముక్కు. పడమటిగట్టున గింజసీమ. వాన తక్కువ, ముళ్ళచెట్లు ఎక్కువ. అక్కడి గింజను మనం రోట్లో వేసి దంచాల్సిందే. ఆ గట్టు పిట్టది మసి రంగు, ముక్కేమో కంసాలి పట్టకారు. రెండింటికీ పేరు ముత్తెపు పిట్టే. ముత్యం మాత్రం దేని ఒంటి మీదా లేదు.

రెండింటినీ పట్టుకొచ్చి ఒకే పంజరంలో పెట్టి చూపించాం. అవి ఒకదాని పాట ఒకటి విననట్టు చెరో మూలకు మొహం తిప్పుకుని కూర్చున్నాయి. జంట కట్టడం మాట దేవుడెరుగు, పక్కపక్కన నిద్రకూడా పోలేదు. శిలాభైరవుడు పంజరం తలుపు ఊడబెరికి రెండింటినీ ఎగరగొట్టి, “దొంగపిట్టలు! ఎవడో నా పిట్టను పాడుచేశాడు!” అని కొండలు అదిరేలా అరిచాడు. కువలయమ్మ మోకాళ్ళ దాకా ఉన్న రాయి ఆ అరుపుకే నడుము దాకా పాకింది.

ఇక మిగిలింది ఆ ఒక్క పగలు.

మా చినదొర చిత్రభానుడు గాజులసెట్టి వేషం కట్టాడు. తలకు పాగా, చెవికి పోగు, భుజాన గాజుల మలారం. నేను ఆయన వెంట మూటలు మోసేవాణ్ణి. వేషం వేరు కానీ మొయ్యడం ఎప్పుడూ నా వంతే కదా! అలా గింజసీమలో గట్టు అంచున ఉన్న మొదటి ఇంటి ముందు ఆగాం. ఆ ఇల్లు గంగులమ్మ అనే అవ్వది. గాజులు బేరమాడుతూనే మాకు చెరో ముంత గింజల జావ పోసింది, నా పంచె కొసన గుప్పెడు గింజలూ పోసింది. మంచి మనిషి, నోరే కాస్త పెద్దది.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి చూరుకీ ఒక కుండ వేలాడుతుంటుంది. అందులో ముత్తెపు పిట్ట గూడు కడుతుంది. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎగిరిపోయేదాకా కుండ మూతికి నూలుతెర కట్టి ఉంచుతారు. తల్లి దూరడానికి కింద చిన్న సందు. తెర ఎత్తి లోపలికి చూసినవాణ్ణి ఊళ్ళో ఉండనివ్వరు. పురిటిగదిలోకి తొంగిచూస్తామా అంటారు. తీగసీమలోనూ ఇదే ఆచారం. కాకపోతే అక్కడ కుండకు బదులు సొరబుర్ర, నూలుతెరకు బదులు పూలతెర.

“అవ్వా, మీ పిట్టకు ముత్యాలేవీ? పేరేమో ముత్తెపు పిట్ట అంటారు” అన్నాడు చినదొర.

“ముత్యాలెందుకుంటాయి నాయనా? అది మా తాతల నాటి పేరు” అంది గంగులమ్మ. “అయినా అసలు పిట్ట మాదే. ఆ గట్టు వాళ్ళ పిట్టకు ముక్కు వంకరపోయింది. ఏం పాపం చేశారో ఏమో!”

నాకు నోరు ఊరుకోదు. “ఆ గట్టున ఒక అవ్వ కూడా ఇదే అందే! అసలు పిట్ట తమదేననీ, మీ పిట్ట ముక్కు వాచిపోయిందనీ” అన్నాను.

“ఏమన్నావురా, మూటలోడా?” అని గంగులమ్మ చేటతో నా మీదికి వచ్చింది. నేను గబుక్కున లేచాను. నా ఎత్తు సంగతి నాకు గుర్తుండొద్దూ! నెత్తి వెళ్ళి చూరుకున్న కుండకు ఠప్పున తగిలింది. కుండ పగిలింది, పెంకులు నేలరాలాయి, మెత్తగా వెచ్చగా ఏదో వచ్చి నా దోసిట్లో పడింది.

పిట్టపిల్ల. ఇంకా సరిగా ఈకలు రాలేదు. నోరు బార్లా తెరిచి “చిర్రీ, చిర్రీ” అని ఒకటే అరుపు. దాని రొమ్ము నిండా, ఎవరో వేలితో సున్నం బొట్లు పెట్టినట్టు, తెల్లని చుక్కలు.

ముగ్గురం నోళ్ళు వెళ్ళబెట్టాం. గంగులమ్మ చేట జారిపోయింది. “ముత్యాలు... ఇన్నేళ్ళూ నా చూరు కిందే ఉన్నాయా తల్లీ!” అని ఆ పిల్లనే చూస్తూ కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే ఆచారం గుర్తొచ్చి, “చూశాడు! కుండలోకి చూశాడు!” అని ఊరంతా వినేలా కేకేసింది. ఆమె చూడనట్టు!

వీధి చివర కర్రలు లేచాయి. చినదొర గంగులమ్మ చేతులు పట్టుకున్నాడు. “అవ్వా, నేను గాజులవాణ్ణి కాను. నా చెల్లెలు ఆ కొమ్ము మీద రాయైపోతోంది. దీన్ని చూపిస్తే బతుకుతుంది. చీకటి పడేలోగా దీన్ని నీ ఇంటికి చేరుస్తాను, నా మాట నమ్ము” అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. “తల్లి పొద్దుగుంకేదాకా వెతుకుతుంది నాయనా. ఆ తరువాత వెతకదు. నేను కొత్త కుండ కడతాను, పో” అంది.

కాళ్ళకు బుద్ధి చెప్పాం. పాగా విప్పి పిల్లను అందులో చుట్టుకుని, రాళ్ళు వీపున పడుతుండగా పడమటి వంతెన ఎక్కాం. అది ఉయ్యాలలా ఊగింది. కిందికి చూడొద్దు అనుకుంటూనే చూశాను.

“చినదొరా, ముత్యాలు దొరికాయి, ఇంకేం! తిన్నగా వాడి దగ్గరికే పోదాం” అన్నాను.

“వాడు అడిగింది జంటను. పైగా, తీగసీమలోనూ గూళ్ళకు తెరలే కదా ఎల్లమందా? అక్కడి పిల్లకూ ఇవే ముత్యాలుంటే?”

“ఉంటే ఏమిటి?”

“ఉంటే ఈ రెండు పిట్టలూ ఒక్క తల్లి సంతానం. వాడు వెతుకుతున్నది ఆ తల్లిని.”

కొమ్ము మీద గుహ పక్కగా పిల్లుల్లా నడిచి వెళ్ళాం. లోపల శిలాభైరవుడు తన అమ్మ పాడిన జోలపాట ఏదో గొణుక్కుంటున్నాడు, సగం మరిచిపోయి మళ్ళీ మొదటికి వస్తున్నాడు. కువలయమ్మకు రాయి రొమ్ము దాకా వచ్చింది. మమ్మల్ని చూసి కళ్ళతోనే, వెళ్ళండి వెళ్ళండి అంది. పసిపిల్లగా ఉన్నప్పుడు గుర్రం మీద నుంచి పడినా ఏడ్చేది కాదు. ఆ మొహమే నాకు గుర్తొచ్చింది.

తీగసీమలో వేషాలకు వేళ లేదు. చినదొర తీగ పట్టుకుని ఊగి, ఇంతెత్తున ఉన్న సొరబుర్రను అందుకుని, పూలతెర తప్పించాడు. లోపలికి చూసి ఆయన నవ్విన నవ్వు నేను కింద నుంచే చూశాను. అవే ముత్యాలు! అదే “చిర్రీ, చిర్రీ”! ఆయన పిల్లతో దిగేలోపే తీగసీమ వాళ్ళు చూశారు. వాళ్ళు కర్రలు పట్టుకోరు, తేనెపట్లు విసురుతారు. నా మొహం బూరెలా ఉబ్బిపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఆ ఒంటికన్నుతోనే తూర్పు వంతెన దాటాను. నా ప్రతాపం మా ఇంట్లో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

కొమ్ము ఎక్కేసరికి పొద్దు బాగా వాలిపోయింది. కువలయమ్మకు రాయి మెడ దాకా వచ్చింది.

శిలాభైరవుడు గుహ బయట కూర్చుని ఉన్నాడు. గడ్డం బదులు పాచి, కనుబొమల్లో గడ్డిపరకలు, ఎడమచెయ్యి ఇంకా రాయే. చినదొర పాగా మూట వాడి ఒళ్ళో పెట్టి విప్పాడు. రెండు పిల్లలూ ఒకదానికొకటి ఒదిగి, నోళ్ళు తెరిచి ఒక్కగొంతుతో అరిచాయి.

వాడి మొహం చూడాలి మీరు! ఇందాకటి దాకా కొండలు అదరగొట్టినవాడు, పసివాడిలా పెదవి విరిచాడు.

“నా పిట్టలే! మా అమ్మ పెరట్లో ఇలాగే అరిచేవి. ఎక్కడ దొరికాయి?”

“ఒకటి ఈ గట్టున, ఒకటి ఆ గట్టున. నువ్వు తరిమేసిన దొంగపిట్టల గూళ్ళలోనే తాతా” అన్నాడు చినదొర.

“అబద్ధం! నా పిట్టను మార్చిన మంత్రగాడెవడో చెప్పు. వాణ్ణి పిండిపిండి చేస్తాను.”

“ఎవడూ లేడు. చిన్నప్పుడు ఈ వాగును నువ్వెలా దాటేవాడివి?”

“ఒక్క గెంతు గెంతేవాణ్ణి” అన్నాడు వాడు, మాట మెత్తబడి.

“ఇప్పుడు చూడు. ఈ గాలిలో, ఈ తుంపరలో, గుప్పెడు పిట్ట దీన్ని దాటగలదా? అటు ఉన్నవి అటే ఉండిపోయాయి, ఇటు ఉన్నవి ఇటే. తీగసీమలో పూలు లోతు. ఏ పిల్లకు ముక్కు రవ్వంత పొడుగ్గా వచ్చిందో దానికి తేనె అందింది. దానికే కడుపు నిండింది, దాని పిల్లలే ఎక్కువ బతికాయి. వాటిలోనూ మళ్ళీ అంతే. గింజసీమలో కరువులొచ్చాయి, మెత్తని గింజలు అయిపోయాయి. ముక్కు మొద్దుగా ఉన్నవే బతికి బట్టకట్టాయి. పాటలు కూడా ఏ గట్టువి ఆ గట్టున కొద్దికొద్దిగా వేరైపోయాయి. ఇప్పుడు ఒకదాన్నొకటి పిలుచుకోలేవు, జంట కట్టలేవు. ఇదంతా ఒక్కరోజులో కాలేదు. ఏ తల్లీ తన గూట్లో పిల్లను చూసి, ఇది నా పోలిక కాదే అనుకోలేదు. నువ్వు చాలా కాలం పడుకున్నావు తాతా.”

వాడు మళ్ళీ ఒళ్ళోని పిల్లల మీదికి వంగాడు. “అయితే నా పిట్ట చచ్చిపోయిందా?” అని అడిగాడు.

“చావలేదు. రెండైంది.”

“ఈ ముత్యాలు?”

“పెద్ద ఈకలు వస్తే రాలిపోతాయి. నాలుగు రోజులుంటాయేమో.”

అంతే, వాడు మూటను పక్కన దించి దిగ్గున లేచాడు. “రాలనివ్వను! ఇక ఏదీ మారనివ్వను! ఇవి ఇలాగే ఉండిపోవాలి, మా అమ్మ పెరట్లో ఉన్నట్టే!” అని మంత్రదండం ఎత్తాడు. దండం కొసన బూడిదరంగు వెలుగు సుడి తిరిగింది. చినదొర నడుముకు దాచుకున్న కత్తి మీద చెయ్యి వేశాడు.

“తాతా!” అంది కువలయమ్మ. రాయి ఆమె గడ్డం కింద ఉంది, మాట సన్నగా వచ్చింది. “రాయైతే అవి పిలవవు.”

దండం గాలిలోనే ఆగింది.

“నీ ఎడమచేతి మీద, లేచినప్పటి నుంచి, ఒక్క పిట్టయినా వాలిందా తాతా?”

శిలాభైరవుడు తన రాతిచేతిని చూసుకున్నాడు. పిల్లలు మళ్ళీ “చిర్రీ” అన్నాయి. వాడు దండం కింద పడేసి, కూర్చుని మూటను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, గంగులమ్మ ఇచ్చిన గింజలు నా దగ్గర నాలుగుంటే లాక్కుని, నమిలి మెత్తగా చేసి, బొటనవేలి కొసన పెట్టి ఒక్కొక్కదాని నోట్లో పెట్టాడు. ఎంత ఒడుపుగా పెట్టాడో! చిన్నప్పుడు నేర్చిన పని ఆ చెయ్యి మరిచిపోలేదు. వాడి కళ్ళ నుంచి నీళ్ళు కారి పాచిగడ్డంలో ఇంకిపోయాయి. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, భోరుమన్నాను.

కువలయమ్మ మెడ వీడింది, భుజాలు వీడాయి, నడుము వీడింది. పాదాలు మాత్రం రాయిగానే ఉండిపోయాయి.

“ఈ పిల్లలు రెండూ గూళ్ళకు చేరి తల్లి ముద్ద తిన్నప్పుడే ఆ పాదాలు వీడతాయి” అన్నాడు శిలాభైరవుడు. “పొద్దుగుంకిందా, ఇక నా చేతుల్లోనూ లేదు. తల్లి ఏదని నాలాగా ఏ పిల్లా వెతుక్కోకూడదు. పరుగెత్తండి. నేను పోతున్నాను. ఈ కొమ్ము నిలిచింది నా మంత్రం మీదే.”

ఆ మాటకే కాళ్ళ కింద రాయి బీటలు వారింది. చినదొర చెల్లెల్ని వీపున వేసుకున్నాడు. “నేను తూర్పుకి, నువ్వు పడమటికి! ఏది గింజసీమ పిల్ల?”

చూశాను. చినదొరా చూశాడు. ఒళ్ళో కలిసి పడుకున్న రెండు పిల్లలు. ఒకటే రంగు, ఒకటే నోరు, ఒకటే ముత్యాలు. ముక్కులింకా ముక్కులే కాలేదు. ఏది ఏ గట్టుదో మాకే కాదు, శిలాభైరవుడికీ తెలియలేదు. వాడు మాత్రం హాయిగా నవ్వాడు. అదే నేను వాణ్ణి ఆఖరుసారి చూడడం.

చేతికి వచ్చినదాన్ని నేను తీసుకున్నాను, మిగిలినదాన్ని ఆయన తీసుకున్నాడు. చెరో వంతెన మీద పడ్డాం. నేను గట్టు మీద కాలుపెట్టానో లేదో, వెనక వంతెన తెగి చర్నాకోలలా రాతిగోడకు కొట్టుకుంది. తిరిగి చూడలేదు, గంగులమ్మ ఇంటికి పరుగెత్తాను.

చూరుకు కొత్త కుండ కట్టి ఉంది. మసిరంగు తల్లిపిట్ట దూలం మీద అటూ ఇటూ గెంతుతోంది. పొద్దు కొండ అంచున వేలెడు మిగిలింది.

“అవ్వా, ఒక్క మాట! ఇది మీ పిల్లో, ఆ గట్టు పిల్లో నాకు తెలియదు” అన్నాను రొప్పుతూ.

గంగులమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “దానికి ఆకలేస్తోంది. ఇటు తే” అని పిల్లను కుండలో పెట్టింది. ఈసారి తెర వెయ్యలేదు. ఇద్దరం పక్కపక్కన నిలబడి కళ్ళారా చూశాం.

తల్లి కుండ అంచున వాలింది. తల పక్కకు వంచి చూసింది. లోపల ఎర్రని నోరు తెరుచుకుంది, “చిర్రీ” అంది. తల్లి ఇంకేమీ చూడలేదు. మెత్తగా నలిపిన గింజ ఆ నోట్లో పెట్టింది.

సరిగ్గా అప్పుడే రాతికొమ్ము కూలింది. నేలంతా అదిరింది. కొండంత రాయి ఏటికి అడ్డంగా పడి, పారే నీళ్ళను పట్టేసింది. యుగాలుగా ఆగని హోరు ఒక్కసారి ఆగిపోయింది. ఆ గట్టున ఎవరో దగ్గినా ఈ గట్టుకు వినిపించేంత నిశ్శబ్దం.

గట్టు అంచుకు పరుగెత్తాను. ఎదుట, అంత దూరాన, ఎర్రటి ఎండలో మా చినదొర. ఆయన పక్కన కువలయమ్మ నిలబడి ఉంది. ఒక అడుగు వేసింది. మరో అడుగు వేసింది. ఆ తరువాత చిన్నప్పుడు గుర్రాలశాల చుట్టూ పరుగెత్తినట్టు పరుగెత్తింది. నేను మొలపంచె కొసతో మొహం తుడుచుకున్నాను.

వాళ్ళు తూర్పున, నేను పడమట. నడుమ వంతెన లేదు, కొమ్ము లేదు. కింద ఆగిన నీళ్ళు గోడలు పాకుతూ పైకి లేస్తున్నాయి. వెనక వీధిలో కర్రలు పట్టుకుని, “కుండలోకి చూసినవాడు వీడే!” అని జనం వస్తున్నారు. గంగులమ్మ చేట పట్టుకుని వాళ్ళకు అడ్డం నిలబడింది.

అప్పుడు ఆ గట్టు నుంచి కువలయమ్మ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. నా పేరు పెట్టి కాదు.

“చిర్రీ... చిర్రీ...”

బదులు పలకబోయాను. నాకంటే ముందే, నా వెనక, చూరుకున్న కుండలోంచి, కడుపు నిండిన ఆ పిల్ల పలికింది.